ఒంటిగొంతు పాట

1406వ తడి. మంగళవారం.

తెల్లవారి ఐదింటికే ముప్పై ఎనిమిది డిగ్రీలు. పడమటి గాలి, దుమ్ము. రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు ఈ తడికి గంటా యాభై నిమిషాలు వచ్చాయి. రావాల్సినదానికంటే పది నిమిషాలు తక్కువ. కొర్రచేను పై మడికి తడి పెట్టాం. చేను మీద కట్టిన నీడగుడ్డ రెండుచోట్ల చినిగింది. ఆడవాళ్లు పదకొండుమంది కింది మడిలో కలుపు తీశారు. నేనూ ఉరుకుందప్పా పైపు మీద పేరుకున్న ఇసుక ఎత్తిపోశాం.

పదకొండు గంటలకు మాస్టు రేడియోలో నీటి మండలి మాట వచ్చింది. ఈ ఏడు ఊరి జనం లెక్కకు మేం పంపిన పాటలో, గొంతులు లెక్కపెట్టే మండలి యంత్రానికి, అదే చెవికి, ఇరవై ఒక్క గొంతులే దొరికాయట. ఇరవై నాలుగు లేకపోతే ఊరికి నీళ్ల లైను కట్టేస్తారు. మా ఊరు సున్నపుమిట్టలో ఉన్నది ఇరవై ఆరుగురం. పాడిన రోజు ఇరవై ఆరుగురమూ పాడాం.

సాయంత్రం కుళాయి దగ్గర ఈ సంగతి చెప్పాను. బిందెలు కింద పెట్టి విన్నారు.

“తగ్గిన ఐదుగురు ఎవురెవురంట?” అని ఉరుకుందప్ప అడిగాడు. “పేర్లు చెప్పలేదా? నేనుండానో లేదో నాకే అనుమానంగా ఉండాది.”

పక్కనున్న హుసేనమ్మ అతని చెయ్యి మెలిపెట్టి గిల్లింది. కెవ్వుమన్నాడు.

“ఉండావులే మామా,” అంది.

అందరూ నవ్వారు. నా భార్య సుంకమ్మ నవ్వలేదు.

“తప్పు మనది కాదు, నీ మైకులది,” అంది నాతో. “ఆ రేకుల షెడ్డులో పాడితే బాయిలో బిందె పడినట్లుండాది. చెవికి మాత్రం ఏమర్థమైతాది?”

నాకూ అదే అనిపించింది.

ఈ పుస్తకంలో గాలి, పని, నీళ్లు, వచ్చినవాళ్లు, పోయినవాళ్లు, ఇవి మాత్రమే రాయాలని రూలు. లైను కాపలాకు చేరిన పదకొండేళ్లలో నేను అంతకు మించి రాయలేదు. ఇది నీళ్ల సంగతే కాబట్టి రాస్తున్నాను.

1407వ తడి. గురువారం.

గాలి తగ్గింది. మధ్యాహ్నం నలభై నాలుగు. నీళ్లు గంటా నలభై ఎనిమిది. నీడగుడ్డ కుట్టారు.

పంపుగదిలో కూర్చుని, పంపిన పాటను నాలుగుసార్లు విన్నాను. ఈ పనికి ముందు నేను చెక్కభజన గుంపుల వెంట మైకుసెట్టు తిప్పేవాణ్ణి. అప్పటి మిక్సరు పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. దాని ఎనిమిది నాబుల్లో మూడు తిరగవు.

పాటలో తప్పులు తెలుస్తూనే ఉన్నాయి. మాస్టు గూట్లోని యంత్రం మోత పాట అడుగంతా పరుచుకుంది. రేకుల కప్పు ప్రతి మాటనూ రెండోసారి చెబుతోంది. ఒక మైకు తిమ్మక్క అత్త నోటి దగ్గర పెట్టాను. ఆమె సుంకమ్మ తల్లి, డెబ్బై రెండేళ్లు. మా ఊళ్లో పాట ఎత్తుకునేది ఆమె, మిగతావాళ్లు వంత. ఆ మైకు వల్ల ఆమె ఒక్కతే ముందు నిలబడి పాడినట్టూ, మిగతా ఊరు గోడ అవతల ఉన్నట్టూ ఉంది. అన్నీ నా పొరపాట్లే. దిద్దుకోదగ్గవే.

మండలిని అడిగాను. అక్కడ జవాబిచ్చేది కమలాక్షి మేడమ్. మనిషిని చూడలేదు, గొంతు తెలుసు.

“నెలాఖరు లోపల ఇంకో రెండుసార్లు పంపుకోవచ్చండి,” అంది. “అందరూ ఒకేచోట, ఒకేసారి పాడాలి. నాలుగు మైకులకు మించకూడదు. విడివిడిగా పాడించి అతికిస్తే చెవి పట్టేస్తుంది. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి, చివర లెక్కకొచ్చిందే చెల్లుతుంది.”

“మనిషిని పంపి తలలు లెక్కపెట్టుకోండి మేడమ్. అరగంట పని.”

“మనిషి లెక్క తీసేసి పద్నాలుగేళ్లయింది కదండీ. లెక్కకొచ్చినవాళ్లకు కోళ్లు కోసిపెట్టి, లేనివాళ్లను రాయించుకున్నారు.”

కోళ్లు మా ఊళ్లోనూ కోశాం. ఆ తర్వాత బొటనవేలి ముద్రలు అడిగారు. కొన్ని ఊళ్లు మైనంతో వేళ్లు చేశాయి. ముఖాలు అడిగితే చచ్చినవాళ్ల ముఖాలు పంపాయి. చివరికి పాట అడిగారు. ఊరంతా ఒకచోట నిలబడి పాడితే అందులో కల్తీ చేయలేరని. ఏ పాటైనా పర్వాలేదు, నాలుగు నిమిషాలు ఉండాలి. మా మాస్టు అంతకంటే మోయదు.

1408వ తడి. శనివారం.

నీళ్లు గంటా యాభై. కలుపు ఆపించి పాట పెట్టాం.

రేకుల షెడ్డు వదిలేసి బడిగదిలోకి మార్చాను. బడి మూతపడి ఆరేళ్లయింది, మట్టిగోడలు బాగానే ఉన్నాయి. ఊళ్లోని బొంతలన్నీ తెప్పించి మూడు గోడలకు వేలాడగట్టాను. నేల మీద గోనెసంచులు పరిచాను. మాస్టు గూటి మోత గది దాకా రాకుండా, గూటి చుట్టూ ఇసుక మూటలు పేర్పించాను. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, మొత్తం అర్ధచంద్రంగా నిలబెట్టాను. మైకు ఎవరి నోటి దగ్గరా లేదు. నాలుగూ నాలుగు మూలల నుంచి అందరినీ సమానంగా వినేట్టు పెట్టాను.

“ఈ బొంత నాది కాదా?” అన్నాడు ఉరుకుందప్ప గోడకేసి చూసి. “చిరుగులన్నీ ఊరందరికీ కనపడేట్టు కట్టినావే.”

“చెవికి కండ్లు లేవు మామా,” అంది హుసేనమ్మ.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పంపు ఆపాను. తిమ్మక్క అత్త కొంగు నడుముకు చుట్టుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

ఎగువ మిట్టన కొర్రచేనమ్మా, ఎండ కాసెనమ్మా

ఇరవై ఐదుమంది అందుకున్నారు.

ఎండ కాసెనమ్మా, మాటు లేదమ్మా

మిక్సరు దగ్గర నేనూ పాడుతూనే ఉన్నాను. సరిగ్గా నాలుగు నిమిషాలు. అత్త చివర ఆపగానే అందరూ ఒకే ఊపిరిలో ఆగారు. తర్వాత అడుగు మోత తీసేశాను. గొంతు మరీ మొద్దుగా ఉన్నచోట పలచన చేశాను. ఎక్కడా ఒకరు పైకి, ఒకరు కిందికి లేకుండా సర్దాను. అతికింపు ఏమీ లేదు. ఉన్నదాన్ని తుడిచానంతే.

ఇన్నేళ్లలో నేను పట్టిన పాటలన్నిటిలో ఇదే మంచిది. సుంకమ్మ కూడా విని, “ఇప్పుడు మనూరి పాట మాదిరి ఉండాది,” అంది. మూడుంబావుకు పంపాను.

1410వ తడి. బుధవారం.

నీళ్లు గంటా ముప్పై ఐదు. దుమ్ము లేచి మధ్యాహ్నం చేలోకి ఎవరూ పోలేదు.

జవాబు వచ్చింది. పద్దెనిమిది.

నేను సరిగా వినలేదనుకుని మళ్లీ అడిగాను.

“పద్దెనిమిదేనండి, పెన్నోబులేసు గారూ,” అంది కమలాక్షి మేడమ్. “మొదటిదాంట్లో రేకుల మోతని చెవి మూడు గొంతులనుకుంది. ఇప్పుడా మోత లేదు కదా.”

“అయితే మొదటిదే ఉంచండి మేడమ్.”

“చివరిదే చెల్లుతుందని చెప్పాను కదండీ. ఆ ఇరవై ఒకటి మాత్రం చాలిందా?” అని గొంతు తగ్గించింది. “నేను రెండుసార్లు విన్నానండి మీ పాట. చాలా బాగుంది.”

కుళాయి దగ్గర చెప్పాను.

“రేకులు పాడిన మూడు గొంతులు గూడా తీసేస్తివి గదప్పా,” అన్నాడు ఉరుకుందప్ప. “ఉన్న దయ్యాలనైనా ఉండనీకపోతివి.”

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. చెవి లెక్క తప్పని నిరూపించాలంటే ముందు నేను లెక్కపెట్టగలగాలి. అత్త గొంతు తెలిసింది. మగవాళ్లలో నా గొంతు, ఉరుకుందప్ప గొంతు తెలిశాయి. సుంకమ్మ గొంతు కోసం వెతికాను. పదిహేడేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. అది ఎక్కడుందో నాకు దొరకలేదు.

1411వ తడి. శుక్రవారం.

నీళ్లు గంటా నలభై. పై మడి కలుపు అయింది.

తిమ్మక్క అత్త వసారాలో చేటతో విత్తనపు కొర్రలు చెరుగుతోంది. పక్కన కూర్చుని విషయం చెప్పాను. మూడేళ్ల కింద మనం నలభై ఒక్కరం ఉంటే చెవి ఇరవై తొమ్మిదే రాసిందని, పాత పుస్తకాల్లో చూసి చెప్పాను. అప్పుడు ఇరవై నాలుగు దాటింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

“అది తప్పు లెక్క కాదు నాయనా,” అంది అత్త. చేట ఆపలేదు. “మాది ఒంటిగొంతు పాట. మా నాయనను కన్న జేజి నేర్పింది అట్ల.”

“ఒంటిగొంతు అంటే?”

“మా జేజి కాలంలో ఈ మిట్టంతా ఒక్క ఆసామిది. గట్టు మీద మేస్త్రీ నిలబడతాండె. వంగినోళ్లు వంగినట్లే ఉంటారు, తలకాయలు కనపడవు. వాడు చెవులతో కాపలా కాస్తాండె. పాట యాడ తెగితే ఆడ ఎవురో కూర్చున్నారని లెక్క. కర్ర పట్టుకోని వస్తాండె. అందుకని మావాళ్లు ఎట్ల నేర్చుకున్నారంటే, ఒకామె ఆపితే తెలీకూడదు. బిడ్డకు పాలిచ్చేది ఉంటాది, కడుపునొప్పి ఉంటాది. ఆమె ఆపుతానే పక్కామె ఆ గొంతు కూడా తనే అందుకుంటాది. ముప్పై మంది పాడినా ఒకటే, ఇరవై మంది పాడినా ఒకటే. వాడు చచ్చిందాకా కనిపెట్టలేదు.”

“ఇప్పుడు మేస్త్రీ లేడు గదత్తా.”

“లేడు. అయినా పాటొచ్చింది గదా. పిల్లప్పుడు నా గొంతు పైకి లేస్తే మా యమ్మ వీపు మీద ఒకటి ఇస్తాండె. నీ పెండ్లాన్ని నేనూ అట్లే కొట్టినా.”

చెరిగిన గింజలు డబ్బాలో పోసి, ఇంకో చేటెడు తీసుకుంది.

“అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటావు?” అంది.

విడిపోయి పాడాలన్నాను. ఎవరి గొంతు వాళ్లది కావాలన్నాను. ఆమె చేట ఆపింది.

“ఎవురిది వాళ్లకు యాడుండాది?” అంది.

1412వ తడి. ఆదివారం.

నలభై ఆరు డిగ్రీలు. నీళ్లు గంటా ముప్పై. కింది మడిలో రెండో కలుపు మొదలుపెట్టారు.

పొద్దున అందరినీ బడిగదిలో నిలబెట్టి నేర్పబోయాను. ఒక్కొక్కరిని పిలిచి ఒంటరిగా పాడమన్నాను. సిగ్గుపడ్డారు, కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నా కూతురు ఈశ్వరికి పదేళ్లు. అది కూడా మొదటి మాట దగ్గరే వాళ్లమ్మ వైపు చూసింది. ఎట్లాగో ఒక్కొక్కరూ పాడారు. విడిగా పాడితే అందరివీ వేర్వేరు గొంతులే. హుసేనమ్మది బొంగురు, ఈశ్వరిది సన్నం, సుంకమ్మది కొంచెం ముక్కుతో. కలిపి పాడించాను. రెండో చరణం దాకా విడిగా ఉన్నారు. మూడో చరణంలో ఎవరూ చెప్పకుండానే ఒకటైపోయారు.

ఐదుసార్లు చేయించాను. ఐదుసార్లూ మూడో చరణంలోనే.

“ఉరుకుందప్ప మామ గాడిద మాదిరి పాడితే మేం ఎట్ల కలవకుండా ఉంటాము, జాలేస్తాది గదా,” అంది హుసేనమ్మ.

“గాడిదను గూడా ఒకటని లెక్కేస్తారేమో అడగప్పా,” అన్నాడు ఉరుకుందప్ప.

ఇట్లా కాదని తేల్చాను. చేలో ప్రతిరోజూ ఆరు గంటలు అట్లే పాడుతుంటే ఇక్కడ గంటసేపు నేర్పితే ఏం లాభం? నెలాఖరు దాకా చేలో పాట వద్దన్నాను. అలవాటు తప్పితేనే విడిపోతారు. ఆడవాళ్లు తిమ్మక్క అత్త వైపు చూశారు. అత్త, “అల్లుడు చెప్పినట్లు చెయ్యండి,” అంది.

1413వ తడి. మంగళవారం.

నలభై ఏడు. గాలి లేదు. నీళ్లు గంటా ముప్పై.

కింది మడిలో హుసేనమ్మ పడిపోయింది.

పాట లేకుండా కలుపు తీయడం ఇది మూడో రోజు. సాళ్లు సమంగా రావడం లేదు. ఒకరు ముందుకు పోతున్నారు, ఒకరు వెనకబడుతున్నారు. వెనకబడినవాళ్లు అందరికీ కనిపిస్తున్నారు. హుసేనమ్మకు నిరుడు జ్వరం వచ్చినప్పటినుంచి ఊపిరి చాలదు. పాట ఉన్నప్పుడు సాలుకు నాలుగైదుసార్లు ఆగి కూర్చుంటుందట. నాకు తెలీదు. మేస్త్రీకి తెలీనట్టే. ఈ మూడు రోజులూ ఆగితే తెలిసిపోతుందని ఆగలేదు. రెండు సాళ్లు ఒక్క బిగిన తీసి, మూడోదాని మధ్యలో పడింది.

నేనూ సుంకమ్మా ఆమెను నీడగుడ్డ కిందికి మోసుకొచ్చాం. తడిగుడ్డలు వేశాం. ఆ రోజు తాగే నీళ్లలో మూడు బిందెలు ఆమెకే పట్టాయి. సాయంత్రానికి కళ్లు తెరిచింది, కాళ్లు నిలవలేదు.

“కూర్చోనుండచ్చు గదా పిల్లా,” అన్నాను.

“అందరూ చూస్తాంటే ఎట్ల కూర్చునేది అన్నా?” అంది.

సుంకమ్మ రాత్రి అన్నం పెట్టి, ఈశ్వరి పక్కకు పోయి పడుకుంది. పాట మళ్లీ పెట్టించమని అనలేదు. అంటే నేను పెట్టించేవాణ్ణి. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి.

1415వ తడి. శనివారం.

నలభై ఆరు. నీళ్లు గంటా ఇరవై. మండలి అప్పుడే నీళ్లు బిగబట్టి ఇస్తున్నట్టుంది.

మూడో పాట పట్టాం. ఇదే ఆఖరిది.

ఒకరికొకరు వినపడితేనే కలుస్తున్నారని అర్థమైంది. అందుకని చెవుల్లో దూది కుక్కించాను. పైన గుడ్డలు కట్టించాను. అప్పటికీ కలిశారు. చూస్తే, పక్కవాళ్ల భుజాలు కదిలేదాన్ని బట్టి కలుస్తున్నారు. అందరినీ గోడల వైపు తిప్పి నిలబెట్టాను. హుసేనమ్మను మంచం మీద మోసుకొచ్చి, మూలకు తిప్పి పెట్టాం. తిమ్మక్క అత్తను అందరికీ దూరంగా, గడప దగ్గర కూర్చోబెట్టాను. బొంతలు తీసేయించాను. శుభ్రం చేయడం మానేశాను. ఈసారి నాబులు ఒక్కటి కూడా తిప్పలేదు.

అత్త చెవుల్లో దూది నేనే పెట్టాను. తల వంచి పెట్టించుకుంది.

వెనకనుంచి వీపులు తట్టుకుంటూ పోయాను, మొదలుపెట్టారు. ఎవరి దారి వాళ్లది. కొందరు చరణం ముందే అయిపోయి గోడవైపు చూస్తూ నిలబడ్డారు. కొందరు మాటలు మరిచిపోయి వంతే మళ్లీ మళ్లీ పాడారు. సంతలో గొర్రెలు అరిచినట్టుంది. నేను ఒక్కణ్ణే చెవులు మూసుకోలేదు కాబట్టి అంతా విన్నాను. నాలుగు నిమిషాలు చాలా పొడుగు. అత్త పెదవులు కదులుతున్నాయి, ఆమె గొంతు నాకు కూడా తెలిసింది. వణుకుతోంది. ఇన్నాళ్లూ ఆ వణుకును పక్కవాళ్లు మోశారు.

అయిపోయాక దూది తీసి, “ఎట్లుండాది?” అని అడిగారు.

“బాగుంది,” అన్నాను.

“అబద్ధం,” అంది అత్త.

రెండింటికి పంపాను. అత్త గడప దగ్గర్నుంచి లేవలేదు. సుంకమ్మ పోయి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

1416వ తడి. సోమవారం.

నీళ్లు గంట.

పదింటికే జవాబు వచ్చింది. కమలాక్షి మేడమ్ గొంతు ఎప్పటిలా లేదు.

“ఇరవై ఐదు గొంతులు దొరికాయండి.”

నేను పంపుగది తలుపు తీసి, ఉరుకుందప్పను కేకేశాను. అతను పరుగెత్తుకొచ్చాడు.

“ఉండండి, ఉండండి. అయిపోలేదు,” అంది మేడమ్. “చెవి దగ్గర మీ ఊరి పాటలు పదేళ్లవి ఉన్నాయి. ఈ కొత్తది వాటితో కలవలేదట. ఒక్క పాలు కూడా. వీళ్లు సున్నపుమిట్టవాళ్లు కారు, లెక్క కోసం ఎక్కడినుంచో తోలుకొచ్చినవాళ్లు అని రాసింది.”

“మేమే మేడమ్. ఒట్టు. పేర్లు చెప్తాను రాసుకోండి.”

“పేర్లు రాసుకునే చోటు లేదండి ఇక్కడ.”

“నువ్వే విన్నావు గదమ్మా మా పాట,” అన్నాడు ఉరుకుందప్ప మైకులోకి వంగి. “బాగుండాదంటివంట. ఆ పాడిండేది మేమే. ఈ పాడిండేదీ మేమే. ఇంకో తూరి విను తల్లీ.”

“విన్నానండి,” అంది మేడమ్. “నాకు తెలీలేదు పెద్దాయనా. నిజం చెప్తున్నాను. నేనూ గుర్తుపట్టలేదు.”

మూడోది కొట్టేశారు. రెండోదే లెక్క. పద్దెనిమిది. బుధవారం తడితో లైను ఆఖరు. ఆదివారం బస్సు వస్తుంది, లైను కట్టేసిన ఊళ్లవాళ్లను పెట్టే మడుగు శిబిరానికి.

“బస్సులో ఎన్ని సీట్లు?” అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

“లెక్క ప్రకారమేనండి,” అంది.

1417వ తడి. బుధవారం.

నీళ్లు నలభై నిమిషాలు. చేలకు పెట్టలేదు. ఉన్న బిందెలు, డబ్బాలు, తొట్లు అన్నీ నింపుకున్నాం. పదింటికి పైపు గురగురలాడి ఆగిపోయింది. వాల్వు కట్టి తాళం వేశాను.

ఆడవాళ్లు కింది మడికి పోయారు. పచ్చిగా ఉన్న కొర్రను కోసి మేకలకు వేయాలి. నేను పాట గురించి ఏమీ చెప్పలేదు. పాడుకుంటారేమోననుకుని పంపుగది గుమ్మంలో నిలబడ్డాను. పాడలేదు. కొడవళ్ల చప్పుడే వినపడింది.

తడి లేదు. శనివారం.

దుమ్ము. మేకలను పై ఊరివాళ్లు తోలుకుపోయారు.

పద్దెనిమిది సీట్లకు ఎవరెవరని బడిగదిలో కూర్చున్నాం. తగవు కాలేదు. అయితే బాగుండేది. పిల్లలు ఐదుగురు, వాళ్ల తల్లులు, హుసేనమ్మ. తర్వాత జ్వరమున్నవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు. పదిహేడు అయ్యాయి. ఒక్క సీటు మిగిలింది.

“అత్తకు,” అన్నాను.

“నాకొద్దు,” అంది అత్త. “పెద్ద లక్ష్మక్కకు కన్ను కనపడదు, ఆమెను ఎక్కించండి.”

“అమ్మా, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు,” అంది సుంకమ్మ.

“నాకు తెలీదా? మీ నాయన పెండ్లికి నడిచొచ్చిన దోవే గదా.”

“అప్పుడు ఆయనకు ఇరవై రెండేండ్లు. మధ్యలో బాయిలుండె.”

“ఊరకుండు మే.”

సుంకమ్మ ఊరుకోలేదు. తను దిగుతానంది, అమ్మ ఎక్కాలంది. ఈశ్వరి వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. అత్త లేచి, కూతురి వీపు మీద చేత్తో ఒకటి కొట్టింది. గట్టిగానే కొట్టింది. ముప్పై ఐదేళ్ల మనిషిని, అందరి ముందూ. సుంకమ్మ ఈశ్వరిని దగ్గరికి లాక్కుని కూర్చుంది.

బయటికొచ్చాక ఉరుకుందప్ప నాతో నడిచాడు.

“ఆ రేకుల షెడ్డు పాట ఉండనిచ్చింటే ఇరవై ఒకటి గదా,” అన్నాడు. “ఇంకో మూడు సీట్లు.”

“అవును మామా.”

“నిన్ను అనాలని కాదు. ఊరికే లెక్కేసినా.”

తడి లేదు. ఆదివారం.

ఐదింటికి ముప్పై తొమ్మిది డిగ్రీలు. గాలి లేదు.

బస్సు ఏడుంబావుకు వచ్చింది. డ్రైవరు మంచివాడే. దిగి, నిలబడ్డవాళ్లందరినీ వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు.

“ఇరవై ఆరు ఉన్నారే,” అన్నాడు.

“మాకు తెల్సు,” అన్నాడు ఉరుకుందప్ప.

“నేను ఎక్కించుకుందును అన్నా. పంతొమ్మిదో మనిషి కాలు పెడితే బండే కదలదు. అట్లా చేసి పెట్టినారు.” అతను తన నీళ్ల క్యాను దింపి మా దగ్గర పెట్టాడు. ఇరవై లీటర్లు.

ఈశ్వరి కిటికీ దగ్గర కూర్చుంది. సుంకమ్మ తల్లి కాళ్లకు నా పాత చెప్పులు తొడిగి, వెనక వార్లు బిగించి కట్టింది. నాతో, “పొద్దుండగా నడవొద్దు, సాయంత్రం బయలుదేరండి,” అంది. ఎక్కి కూర్చున్నాక మళ్లీ దిగలేదు.

మిక్సరు పెట్టె, నాలుగు మైకులు పంపుగదిలో ఉన్నాయి. మాస్టు ఆపాను. వాల్వు తాళంచెవి ఈ పుస్తకం అట్టలో పెట్టాను.

వచ్చినవారు లేరు.

పోయినవారు: బస్సులో పద్దెనిమిదిమంది, ఉదయం ఎనిమిదింటికి. కాలినడకన తిమ్మక్క, ఉరుకుందప్ప, బడేసాబు, తిక్కస్వామి, అతని తమ్ముడు ఈరన్న, చిన్న సుంకన్న, రంగమ్మ, నేను, ఎనిమిదిమందిమి, సాయంత్రం ఐదుంబావుకు.